మామగారి బండి చక్రము

ఊరగాయలను గూర్చియో, కుట్టుపనిని గూర్చియో వ్రాయవలసిన చోట మోటారుబండి స్టీరింగు చక్రము నూడదీయుటను గూర్చి వ్రాయుచున్నామని మీరు నవ్వుకొనవచ్చును. రథపు సీల యూడినపుడు కైకేయి తన వ్రేలిని సీలగా నుంచి దశరథుని గాచినదను కథను చిన్ననాట మా తండ్రిగారి యొద్ద వింటిమి. బండ్ల బాగోగులు స్త్రీలకు బట్టవనువారు ఆ కథ వినియుండరు.

మా యింట నున్నది అంబాసిడరు బండి. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి నమూనాను దీసికొని హిందూస్థాన్ మోటార్సువారు పశ్చిమ వంగదేశమందలి ఉత్తరపారాలో దశాబ్దముల తరబడి ఈ బండ్లను జేసిరి. 2014లో ఆ పని నిలిచిపోయెను. మా మామగారు 1986లో దీనిని పాతబండిగానే కొనిరి. అన్నవరము యాత్రలకును, ఆడపడుచుల పురుళ్లకును, ఇరుగుపొరుగువారి పెండ్లిండ్లకును ఇదియే తిరిగినది. రెండేండ్ల క్రిందట వారు స్వర్గస్థులైన నాటినుండి వసారాలో పట్టా క్రింద నుండెను.

పదునైదేండ్లు దాటిన సొంత బండికి అయిదేండ్ల కొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొనవలెను. ఆ గడువు దగ్గరపడినది. హారను పలుకదు. చక్రము చుట్టునున్న గట్టి ప్లాస్టికు ఏండ్ల తరబడి యెండకు బగిలి, ఆకులు కలియు చోట్ల పగుళ్లు నోళ్లు తెరచియుండెను. పట్టుకొన్న చేయి గీరుకొనుచుండెను. ఈ రెండును జక్కపడనిదే పరీక్షకు దీసికొనిపోవుట వృథా. "ఇనుప ధరకు ఇచ్చేయండి, వదినా, పంతులు జీతంతో ఏనుగును మేపుతారా?" అని మా మరిది ఫోనులో హెచ్చరించెను. అతడు చెప్పినది అబద్ధము కాదు.

క్రొత్త చక్రమును దెచ్చి వేయించుట సులభమని తోచినది గాని, అత్తగారు సమ్మతింపలేదు. చక్రమున రెండు ప్రక్కల మామగారి చేతులు ముప్పదియేండ్ల కాల మానిన చోట నలుపు రంగు అరిగి, అద్దమువలె నునుపెక్కి యున్నది. ఆమె దానిని జూపి, "అమ్మాయీ, పగుళ్లు పూడ్పించుకోండి. ఇక్కడ మాత్రం గీకించవద్దు" అని పలికిరి. అంతకుమించి యొక్క మాటయు ననలేదు. మేమును మారు పలుకలేదు.

మొదట నొక మేస్త్రీని బిలిపించితిమి. ఆయన నడుమనున్న నట్టును బూర్తిగా దీసివైచి, చక్రమును రెండు చేతుల గుంజి, అది కదలకుండుట జూచి పెద్ద సుత్తి నెత్తెను. మా వారు గబగబ అడ్డుపడి యాపిరి. లెక్కల పంతులగుటచే దెబ్బ యెటు పోవునో ఆయన కెరుకయే. ఈ బండిలో చక్రము త్రిప్పినప్పుడు నిలువు కడ్డీ తిరుగును. దాని క్రింది కొసనున్న చిన్న పళ్లచక్రము, పళ్లుగల యడ్డుకడ్డీ నిటునటు జరపును. అంతట ముందు చక్రములు మరలును. కడ్డీ తలపై మోదినచో మరలు చదును పడి నట్టు మరల నెక్కదు. ఆ యదటు క్రింది పళ్లదాక బోవును. మేస్త్రీ చిన్నబుచ్చుకొని వెడలిపోయెను. ఆయనకు కాఫీ యైన నీయలేదని తరువాత మాకు బాధ కలిగెను.

ఇక మేమే పూనుకొంటిమి. బస్టాండు వెనుక షెడ్డులోని వృద్ధ మేస్త్రీ యొకరు పుల్లరను పనిముట్టు నెరువిచ్చి, క్రమమును నోటితో జెప్పిరి. ముందుగా బ్యాటరీ తీగ విప్పవలెను. లేనిచో హారను తీగ తగిలి వీధియంతయు లేచును. ముందు చక్రములను దిన్నగా నిలుపవలెను. నడిమి హారను మూత దీసి, తీగను జాగ్రత్తగా దప్పించి, నట్టును వదులు చేయవలెను, పూర్తిగా దీయరాదు! రెండు మూడు చుట్లు మిగుల్చవలెను. చక్రపు నాభిలోను కడ్డీ తలపైనను సన్నని పళ్లు గలవు. ఒకదాని పళ్లు మరొకదాని సందులలో నిమిడి, తుప్పు చేరి, ఏకమై యుండును. అవి వీడునపుడు ఒక్కసారిగా వీడును.

ఆ రాత్రి నాభిలో కిరసనాయిలు పోసి యుంచితిమి. మరునా డుదయము పుల్లరు కాళ్లను చక్రమునకు దగిలించి, నడిమి మరను బిగించితిమి. కదలలేదు. కొంచెము బిగించుట, కొంతసే పాగుట, మరల బిగించుట. అన్నము వార్చి వచ్చి చూచినను అట్లే యున్నది. మా వారు పానా పట్టిన చేతికి బొబ్బ లెక్కినవి. మేము వంగి నాభిలోనికి జూచుచుండగా "టప్పు"మని తుపాకి పేలినట్లు శబ్దమై, చక్రము మా మొగముపైకి లేచి, నట్టు తగిలి యాగిపోయెను. నాలుగంగుళముల దూరమున నున్న మా ముక్కు ఆ రెండు చుట్ల మరల మూలముననే దక్కినది.

అత్తగారు చక్రమును ఒడిలో బెట్టుకొని కొంగుతో తుడిచిరి. ఆ సాయంకాలము వర కెవ్వరము నడుగలేదు.

తరువాతి పని వంటయింటి పనివంటిదే. పగుళ్లను ములికితో వెడల్పు చేసి, మురికి దీసి, కుళాయి గొట్టములకు వాడు ఎం-సీల్ ముద్దలు రెంటిని పూర్ణమువలె బిసికి కూరితిమి. అది గట్టిపడిన పిదప గరుకు కాగితముతో నునుపు చేసి నల్లరంగు పూసితిమి. చేతు లానిన రెండు తావులకు ముందే గుడ్డ చుట్టి యుంచితిమి. హారను తీగ లోపల దెగియుండెను, టంకము వేయించితిమి.

ఇచట నొక మాట. మీ యింట క్రొత్త కారున్నచో ఈ చదువుతో దానిపై జేయి వేయకుడు. మన దేశమున 2019 జులై 1 నుండి చేయు కార్లన్నిటను నడుపువారికి ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. అది స్టీరింగు నడుమనే యుండును. పొరపాటున పేలిన ప్రాణాపాయము. అది నేర్చినవారి పని.

చక్రమును మరల నెక్కించునపు డసలు తప్పు బయటపడినది. ఊడదీయుటకు ముందు కడ్డీకిని నాభికిని సరిగా గుర్తు పెట్టవలెను. మా వారు బడిపంతులు గదా, సుద్దముక్కతో గీచిరి! కిరసనాయిలు దానిని గడిగివైచినది. కంటి యంచనాతో బెట్టి, నట్టు బిగించి, కాలువగట్టు దాక నడిపిరి. బండి తిన్నగనే పోవుచున్నది. చక్రపు టాకులు మాత్ర మొక ప్రక్కకు వాలియున్నవి. ఒక్క పన్ను తేడా. మే మిద్దరము దానిని జూచియు, చూడనట్లు నటించితిమి. వెనుక సీటునుండి అత్తగారు, "ఒరేయ్, మీ నాన్న నడిపేటప్పుడు ఇది ఇలా వంకరగా ఉండేది కాదే" అనిరి.

ఇంటికి వచ్చి మరల విప్పితిమి. గ్రీజు రాసియుండుటచే ఈ మారు వెన్నలో వెండ్రుకవలె వచ్చినది. ఒక్క పన్ను జరిపి నిలిపి, పరుపులు కుట్టు దబ్బనముతో రెంటిపైనను గట్టిగా గీత గీచితిమి. బ్యాటరీ తీగ కలుపగానే అత్తగారు ముందుసీటులో గూర్చుండి, చేయి చాచి హారను నొక్కిరి. ఎదురింటి కుక్క మొరిగినది. ఆమె మరల నొక్కిరి.