అరుగుమీది దూరదర్శనము



దూరదర్శనమను మాట యెత్తగనే మనలో ననేకులకు సాయంకాలపు ధారావాహికలు, అత్తాకోడండ్ర కలహములు, నగల దుకాణముల ప్రకటనలు మనస్సున మెదలును. "ఆ పెట్టె ముందు కూర్చున్నచో పొయ్యిమీది పాలు పొంగినను దెలియదు" అని మా అత్తగారు చెప్పుచుండెడివారు. మేమును చిరకాల మా యభిప్రాయముననే యుంటిమి. బాల్యమున నింటియొద్దనే తండ్రిగారి కడ అమరము, భారతము, భాగవతము చదువుకొన్నవారము గనుక, విద్య యనునది గ్రంథమునుండియు గురుముఖమునుండియు రావలయునే కాని బొమ్మల పెట్టెనుండి వచ్చునా యని మాకొక గర్వము. ఆ గర్వ మెట్లు తొలగెనో, తొలగిన పిదప మాకు దోచిన దేమో విన్నవించుటకే యీ నాలుగు మాటలు.

మా యూరు లక్సెట్టిపేట. గోదావరి యుత్తరపు గట్టున కనతిదూరమున నున్న చిన్న పట్టణము. మొదట ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరు నుండి మంచిర్యాల జిల్లాలో జేరినది. చుట్టుపట్ల వరియు ప్రత్తియు పండించువారు, కూలికి బోవువారు, ఇంట గూర్చుండి బీడీలు చుట్టుకొను స్త్రీలు పెక్కురు. మావారు ప్రభుత్వ పాఠశాలలో నుపాధ్యాయులు.

2020 మార్చి నెల నడుమ కరోనా వ్యాధిభయమున రాష్ట్రమందలి పాఠశాల లన్నియు మూతపడినవి. వేసవి గడచెను, తొలకరి వచ్చెను, నాట్లు ముగిసెను. బడి తలుపులు మాత్రము తెరువబడలేదు. కలిగినవారి బిడ్డలు చేతి ఫోనులలో పాఠములు వినసాగిరి. లేనివారి బిడ్డలు వీథులలో దిరుగసాగిరి. ఒకనాటి యుదయమున మా వీథి చివర నుండు నొక తల్లి, ఏడవ తరగతిలోనికి రావలసిన కూతును వెంటబెట్టుకొని మా వాకిట నిలిచినది.

"అక్కా, మాకు ఉన్నది ఒక్క ఫోను. అది పిల్ల అయ్య పట్టుకపోతడు. బడి ఎప్పుడు తెరుస్తరో ఎరుక లేదు. ఊకె కూసుండవెట్టి ఏం జేతు? కలుపుకు తోల్కపోదామనుకుంటున్న" అనినది.

ఆ పిల్ల తల వంచుకొని కాలి బొటనవ్రేలితో నేల గీయుచుండెను. మేమేమి చెప్పగలము? కలుపునకు బోయిన పిల్ల ప్రత్తి యేరుటకును బోవును. ప్రత్తి ముగియులోపల నెవరో సంబంధము తెత్తురు. ఈ వరుస మన పల్లెల నెరిగినవారికి క్రొత్త గాదు. "రెండు దినము లోపిక పట్టుమమ్మా" యని మాత్ర మంటిమి. అప్పటికి మాకును దారి యేదియు గానరాలేదు.

ఆ దారి మేము తక్కువగా జూచిన పెట్టెనుండియే వచ్చినది. 2020 సెప్టెంబరు 1వ తేదీ నుండి ప్రభుత్వమువారు మూడవ తరగతి మొదలు పైతరగతులకు దూరదర్శన్ యాదగిరి ద్వారమునను, టీ-శాట్ ద్వారమునను పాఠములు ప్రసారము చేయింప నారంభించిరి. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో నారంభమైనది. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిదప మన రాష్ట్రపు ప్రసారమునకు యాదగిరి యను పేరు గలిగినది. తరగతి కొక వేళ, విషయమున కొక పాఠము. ఫోను లేని యింటగూడ నొక పాత టీవీ యుండును. తన యింట లేనిచో పొరుగింట నుండును. అదియే యీ యేర్పాటునకు బలము.

మా యింటి పెట్టెను ముందరి గది కిటికీకడ నొక బల్లమీద నెత్తుగా నుంచి, ముఖము అరుగువైపునకు ద్రిప్పితిమి. అరుగుమీద నలుగురు, వాకిట నెడమెడముగా మరి యేడెనమండ్రు, ముఖములకు గుడ్డలు గట్టుకొని కూర్చుండిరి. ఆ బీడీల తల్లియు చేట నొడిలో బెట్టుకొని, చుట్టుపని చుట్టుచునే కూతురి ప్రక్క గూర్చుండినది. మావారు ఉపాధ్యాయులందరితో బాటు బడికి బోవలసియుండుటచే పిల్లల కావలి మాపై బడినది.

పదిదినములు సాగెనో లేదో, మా వీథిలో యాదగిరి ప్రసారము మాయమైనది. తక్కినవన్నియు వచ్చుచున్నవి, అదియొక్కటి రాదు. తీగమీద ప్రసారములు తెచ్చి యిచ్చువారి నడుగబోగా, "ఆ చానలు ఎవరు చూస్తరమ్మా?" అని నవ్విరి. నాలుగు దినములు గడచినవి. అయిదవనాడు మేమును, మరియైదుగురు తల్లులును గూడి పోయితిమి. కేబులు ప్రసారములనుగూర్చి 1995లో జేసిన చట్టము ననుసరించి దూరదర్శనపు నిర్ణీత చానళ్లను తీగవారు విధిగా నందింపవలయునని మావారు చెప్పియుండిరి. ఆ మాటయే చెప్పి, "చూచువారము మేము, మా బిడ్డలు పండ్రెండుగురు" అంటిమి. మరునాడు బొమ్మ వచ్చినది. ఆ ప్రశ్నమాత్రము మా మనస్సున నిలిచిపోయినది. చూచువారు లేరని తలచినందుననే గదా, తీసివేయుట కంత సులభమైనది!

ఇక పాఠముల సంగతి. ఒకనాడు ఏడవ తరగతి గణితమున శాతములను జెప్పిరి. నూటి కింత యనగా నేమి, వేయింటికి లెక్కించు టెట్లు అని తెరమీది ఉపాధ్యాయిని బల్లపై వ్రాసి చూపెను. నిజము చెప్పవలెనన్న మాకును అది క్రొత్తయే. పర్యాయపదము లప్పగింపగలము గాని, నూటి కయిదన్నచో వేయింటి కెంతయో యెన్నడును దెలిసికొనవలసిన పని పడలేదు. పిల్లలతో గూడ మేమును పలకమీద వేసి చూచికొంటిమి.

ఆ సాయంకాలము బీడీలప్పగించుటకు తల్లితో గూతురును బోయినదట. అచ్చట లెక్క జూచు మనిషి, వేయి బీడీలలో బాగులేనివి నూటి కయిదు చొప్పున తీసివేయుట తమ పద్ధతి యని చెప్పుచు, ఎనుబది తీసివేసెను. ఏండ్ల తరబడి యట్లే జరుగుచున్నది. ఆనాడు పిల్ల, "నూటికి అయిదైతే వెయ్యికి యాబై గద సారూ, ఎనబై ఎందుకు?" అని యడిగెను. అతడు కోపపడెను, పిదప మరల లెక్కించెను. ముప్పది బీడీలు తిరిగి లెక్కకు వచ్చినవి. వాని కూలి యేపాటి? కొద్ది కాసులు. కాని మరునాటి యుదయమున ఆ తల్లి మా యరుగుమీద కూర్చుండిన తీరు వేరు. కలుపు మాట మరి యెత్తలేదు.

ఇంతవరకు మేలు చెప్పితిమి; లోపము చెప్పకుండుట ధర్మము గాదు. తెరమీది ఉపాధ్యాయిని పాఠము నడుమ "అర్థమైందా పిల్లలూ?" అని యడుగును. మా వాకిటి పిల్లలు ముక్తకంఠముతో "కాలేదు టీచర్" అని యరచుదురు. ఆమె చిరునవ్వుతో "మంచిది" యని ముందునకు సాగును! మొదట నవ్వుకొంటిమి, పిదప నాలోచించితిమి. భారతమున సంజయునకు వ్యాసమహర్షి దివ్యదృష్టి నొసగెను గదా. హస్తినలో గూర్చుండియే కురుక్షేత్రమున జరుగునది చూచి చెప్పెను. అదియే మొదటి దూరదర్శనమని పలువురు చమత్కరింతురు. కాని సంజయుడు చెప్పుట మాత్రమే గాదు, వినుటయు గలదు. ధృతరాష్ట్రు డడుగును, అతడు బదులు చెప్పును. మా పెట్టె సంజయునిలో సగము మాత్రమే. ఆ రెండవ సగమును మావారు సాయంకాలము బడినుండి వచ్చి పూరించెడివారు. పిల్లలు మధ్యాహ్నమెల్ల సందేహములను పలకలపై వ్రాసి యుంచెడివారు.

అట్లు పూరించువారు లేనిచోట నేమగునో కూడ చూచితిమి. అయిదవ వరుస యింటి కుర్రవాడొకడు, తొమ్మిదవ తరగతివాడు, తన యింటనే యొంటిగా పాఠములు చూచుచుండెను. ప్రక్క నెవరును లేరు. నెల తిరుగకముందే చూచుట మానెను. పిదప నిటుకబట్టీ పనికి బోయెను. 2021 ఫిబ్రవరిలో బడి తెరచినప్పుడును రాలేదు. వాని పేరు మావారు హాజరుపట్టీలో నెన్ని దినములు పిలిచిరో! దూరదర్శన మొక్కటియే చాలునని యెవరైన నన్నచో, ఆ కుర్రవాడు మాకు గుర్తు వచ్చును.

పాఠములు చెప్పు దూరదర్శనము మన దేశమునకు క్రొత్త గాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఉపగ్రహ మొకటి యెరువు తెచ్చి, ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు బోధనాప్రసారములు చేసిరి. నాటి ఆంధ్రప్రదేశమును అందులో నొకటి. ప్రాతఃకాలమున బడిపిల్లలకు, సాయంకాలమున సేద్యగాండ్రకు, గృహిణులకు. అప్పుడు పెట్టె యింటింట లేదు. ఊరి కొకటి, బడిలోనో పంచాయతీ చావడిలోనో యుండెడిది. ఊరెల్ల దాని ముందర గూడెడిది. ఇప్పుడు ఇంటి కొకటి వచ్చినది, కూడుట పోయినది. మా యరుగుమీద కొన్ని నెలలపాటు ఆ పాత కూడిక మరల వచ్చిన ట్లయినది.

మరి వినెడి సగమును సంపాదింపలేమా? సంపాదించిన స్త్రీలు మన తెలంగాణములోనే యున్నారు. నాటి మెదకు జిల్లా జహీరాబాదు ప్రాంతమున, మాచునూరు గ్రామములో, 2008లో సంఘం రేడియో యను ప్రసారకేంద్ర మారంభమైనది. దక్కను డెవలప్‌మెంటు సొసైటీవారి సంఘములలోని దళితస్త్రీలు దానిని నడుపువారు. గొప్ప చదువులు చదివినవారు గారు. తమ చుట్టుపట్ల పల్లెలవారి మాటనే, తమ యాసలోనే, విత్తనములనుగూర్చి, పంటలనుగూర్చి, పాటలనుగూర్చి వినిపించిరి. అంతకుముందే వారిలో గొందరు చలనచిత్రములు తీయు యంత్రమును భుజమున వేసికొని, ప్రత్తిరైతుల కష్టములను చిత్రించిరి. వినువారే చెప్పువారైనచో "ఎవరు చూస్తరమ్మా?" యను ప్రశ్నకు తావెక్కడిది?

1995లో సుప్రీముకోర్టువారు, ఆకాశమున బోవు ప్రసారతరంగములు ప్రజల యాస్తి యని తీర్పు చెప్పిరి. గోదావరి నీరు వలెనే అవియు మనవి. అయినను ఇంటిముందు పారు కాలువలో బిందె ముంచుటకు మనమే పోవలయును గాని, కాలువ బిందెను వెదకికొని రాదు. ఆకాశవాణి, దూరదర్శనములకు యజమానురాలైన ప్రసారభారతి సంస్థ చట్టము 1990లో నేర్పడి, 1997లో నమలునకు వచ్చినది. ప్రజలకొరకు పెట్టిన సంస్థకు ప్రజల యుత్తరములు పోవలదా? ధారావాహికలోని కోడలి గతి యేమగునో యని దిగులుపడు మనము, మన యూరి యాసుపత్రి సంగతి, మన పంటల ధర, మన పిల్లల పాఠము ప్రసారము గావలెనని యెన్నడైన నొక కార్డు వ్రాసితిమా?

ఆడువారికి మేము చెప్పబోవునది పెద్దది గాదు. ఇంట దూరదర్శనపు చానలు వచ్చుచున్నదో లేదో చూడుడు. రానిచో నలుగురు గూడి యడుగుడు. నెలనెల రుసుము చెల్లింపలేనివారికి, గొడుగు వంటి పళ్లెము నొకసారి కొని పెట్టుకొన్న, మరి రుసుము లేకయే ఆ చానళ్లు వచ్చునని పొరుగువారికి దెలుపుడు. పిల్లలు పాఠము చూచునప్పుడు ప్రక్క గూర్చుండుడు. మనకు రాని పాఠమైనను సిగ్గుపడ బనిలేదు. రాదని యొప్పుకొని వారితో గూడ నేర్చుకొనుట వారికే ధైర్యము. మేమట్లే శాతములు నేర్చికొంటిమి.

ఆ పిల్ల 2024లో పదవ తరగతి పరీక్ష నుత్తీర్ణురాలయ్యెను. ఫలితములు వచ్చిన నాడు తల్లితో మా యింటికి వచ్చి, చక్కెర పొట్లము చేతి కిచ్చి, "పెద్దమ్మా, టీవీ ఇంక కిటికికాడనే ఉన్నదా?" అని యడిగెను. ఉన్నది. ధారావాహిక వచ్చు వేళ మాత్రము లోపలికి ద్రిప్పుదుము; తక్కిన వేళల దాని ముఖ మరుగువైపే.