ఆకులు కాల్చే డ్రమ్ము

ఆత్మకూరులో మా పెరట్లో రెండు వేపచెట్లు. శివరాత్రికి ముందూ వెనకా రోజుకో గంపెడు ఆకు రాలుతుంది. వీధిలో చాలామంది కుప్పపోసి అగ్గిపుల్ల గీస్తారు. మా అవ్వకి ఆయాసం. ఆ పొగకి రాత్రంతా మంచమ్మీద కూర్చునే ఉంటుంది.

ఆన్‌లైన్లో గార్డెన్ ఇన్సినరేటర్లు చూశా. కాళ్లున్న రేకు డబ్బా, పైన పొగగొట్టం మూత, అంతే. దాని బదులు 200 లీటర్ల పాత ఇనప డ్రమ్ము కొన్నాం. అంతకుముందు అందులో ఏం పోశారో అడిగే తీసుకోవాలి. పెట్రోలో, పురుగుమందో అయితే వద్దు. అడుగున చుట్టూ బొక్కలు కొట్టించి ఇటుకల మీద నిలబెట్టాం. కిందనుంచి గాలి అందితే మంట నిలుస్తుంది, పొగ తగ్గుతుంది. లాజిక్ మొత్తం ఇదే.

ఆకు గలగలమనేలా ఎండాలి, లేకపోతే డ్రమ్మున్నా ఒకటే పొగ. కవర్లు, వైరు ముక్కలు అసలొద్దు. పీవీసీ కాలితే డయాక్సిన్లు పుడతాయి. కిరోసిన్ పోయడం కూడా వద్దు. తెల్లవారుజామున మంచులో పొగ పైకి పోదు. ఎండెక్కాక, గాలి ఇళ్లవైపు లేనప్పుడే, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని వెలిగించాలి.

బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు జరిమానా అని 2016 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. మా అవ్వ తీర్పు ఇంకా కఠినం: డ్రమ్ములో కాల్చినా పొగ పొగే. అందుకని ఆకంతా ఇప్పుడు ఎరువు గుంతలోకే పోతోంది. డ్రమ్ముకి ముళ్లకంప, తెగులు పట్టిన కొమ్మలు మాత్రమే. ఆ రోజు అవ్వని పిన్నివాళ్లింటికి పంపిస్తాం.

"నన్ను తరిమేదానికే కొన్నార్రా దీన్ని" అంటా చెప్పులేసుకుంటుంది.