వాన అని కేకవేసిన సాయంకాలం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో పుట్టినవారికి మబ్బును చూచి సంతోషించడం ఒకరు నేర్పనక్కరలేదు. నల్లమల మీద నీలినీడ పరచుకొన్నదంటే పలకల గనిలోని పనివాడు సైతం సుత్తి దించి ఒక్క క్షణం పడమటికి చూస్తాడు. మాది అటువంటి పలకల పనివారి ఇల్లే, సేద్యం ఎరుగము. వాన వద్దనే మనిషి కూడా ఉంటాడని ఇరవై రెండేళ్ళ వయసు వరకు నాకు తెలియదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్న రోజులవి. 2014 మార్చి మొదటివారంలో ఒక సహాధ్యాయి నన్ను శామీర్‌పేట వైపున్న తన ఊరికి తీసుకొని వెళ్ళాడు. వారిది ఎకరంన్నర ద్రాక్షతోట. రాతి కడీల మీద తీగలు లాగి వేసిన పందిరి. గుత్తులు తలకు తగులుతుంటే వంగి నడవవలసిందే. రకం అనాబ్-ఎ-షాహీ. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాదుకు పరిచయం చేసిన ద్రాక్ష. ఉర్దూ పేరు వినగానే ఉత్సాహం కలిగి, 'రాజులకు తగిన ద్రాక్ష' అని అర్థం చెప్పాను. మిత్రుని తండ్రి నవ్వి, "పేరు రాజులది బిడ్డా, అప్పు మాది" అన్నాడు.

అక్టోబరులో కత్తిరించిన ఆ తోట కోతకు ఇంకా వారం ఉన్నది. ఆ సాయంకాలమే మబ్బు పట్టింది. మామిడికాయను దోరగా కోసి గడ్డిలో మాగవేయవచ్చును. ద్రాక్ష అట్లుకాదు, తీగ నుండి తెగిన క్షణాన ఎంత తీపి ఉన్నదో అంతే. కోస్తే పులుపు, కోయకపోతే వాన. పండబారిన గింజ నీరు త్రాగి ఉబ్బుతుంది, పలుచని తొక్క చిట్లుతుంది. ఒకటి కుళ్ళితే గుత్తికంతటికీ చేటు. ఆయన చాలాసేపు కడీకి ఆనుకొని నిలబడి, తుదకు ఎండ బాగా సోకిన అంచు వరుసలు మాత్రం కోయమన్నాడు. స్త్రీలు కాడ పట్టి కత్తిరించేవారేగాని గింజను తాకేవారు కారు. పైనున్న బూడిదవంటి పూత చెరిగితే బేరం తగ్గునట. నేను బుట్టలు మోశాను.

మొదటి చినుకు ముఖాన పడగానే, చేతులు చాచి "వాన!" అని పసివానివలె కేకవేశాను.

ఎవరూ నవ్వలేదు. మిత్రుడు ముఖం తిప్పుకొన్నాడు. "మీ దిక్కు వానలుండవా బిడ్డా?" అని మాత్రం తండ్రి అడిగాడు. ఆ కంఠంలో కోపం ఉన్నా నాకింత సిగ్గు కలిగేది కాదు.

తరువాత వడగళ్ళు. రేకుల కొట్టంలో ఒకరి మాట ఒకరికి వినబడలేదు. తెల్లవారి చూస్తే పందిరి క్రింద నేల కనబడకుండా గింజలు. బేరగాడు ఒక గుత్తి ఎత్తి చూచి, దించి, టీ త్రాగి వెళ్ళిపోయాడు. మిత్రుని పరీక్ష రుసుము మా గదివారం పంచుకొని కట్టాము. అందులో నా వంతు ప్రాయశ్చిత్తమని అతనికి చెప్పలేదు. ఆ తోట నేడు లేదు, ఇండ్ల స్థలాలయింది.

ఈ కళాశాలలో చేరిన తరువాత, ఒక మార్చి మధ్యాహ్నం బయట చీకటి క్రమ్మింది. తరగతి అంతా కిటికీల వైపు చూచి కేరింతలు కొట్టింది. వెనుక వరుసలో ఒక్క పిల్లవాడు తల వంచుకొన్నాడు. విచారిస్తే, ఇంటివద్ద కళ్ళంలో మిరపకాయలు ఆరుతున్నవట. పాఠం ఆపి, పరుగెత్తమన్నాను. వాడు గుమ్మం వద్ద ఆగి హాజరు సంగతి అడిగాడు. వేశాను. కమిటీ పెద్దలు ఆ ఒక్క హాజరును మన్నింతురు గాక.