మూడుసార్లు పిలిచారు

నేను రచయిత్రిని కాదండీ. ఇంటర్ పాసవగానే సంబంధాలు చూడ్డం మొదలుపెట్టారు, పెళ్లయ్యాక వంటిల్లే నా లోకం. మాగాయ పచ్చడి ఎలా పెట్టాలో అడిగితే పది పేజీలు రాయగలను గానీ, మనసులో మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి. ఇది రాయకపోతే మా పిన్ని రుణం తీరదనిపించి, మధ్యాహ్నం అంట్లు కడుక్కున్నాక కూర్చున్నాను.

మా పిన్ని నర్సు. ఈ రెండు మాటలు పైకి చెప్పడానికి నాకు ఇరవై ఏడేళ్లు పట్టింది.

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. తాతయ్య అప్పులు మిగిల్చి పోయారు. మావయ్య ఇంకా చిన్నవాడు. స్కూలు చదువు అయ్యీ అవగానే పిన్ని గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో నర్సు ట్రైనింగులో చేరిపోయింది. 1883లో ఆనా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి గుంటూరొచ్చి ఆడవాళ్లకీ పిల్లలకీ వైద్యం మొదలుపెట్టారు. 1898లో ఆ ఆస్పత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. అక్కణ్ణుంచి ఆవిడ ఇక్కడికొచ్చి సేవ చేస్తే, ఆవిడ పెట్టిన ఆస్పత్రిలో పని నేర్చుకున్న మా పిన్ని 1980ల్లో పరీక్షలు రాసి అమెరికా వెళ్లి ముప్ఫై ఏళ్లు అక్కడి రోగులకి సేవ చేసింది. రుణాలు ఇలా కూడా తీరతాయేమో.

కానీ మా ఇంట్లో ఇదంతా గొప్పగా చెప్పుకునే విషయం కాదు. "పరాయి మగాళ్ల ఒళ్లు తుడిచే ఉద్యోగమా!" అని అమ్మమ్మ ఏడ్చిందట. పిన్ని పంపిన డబ్బుతో మావయ్య చదువుకున్నాడు, పూరిల్లు పెంకుటిల్లయింది. డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

1996లో నా పెళ్లిచూపులు. అప్పుడు పిన్ని సెలవు మీద ఊళ్లోనే ఉంది. ముందురోజు రాత్రి నాన్న అందర్నీ కూర్చోబెట్టి, "పిన్ని గురించి అడిగితే అమెరికాలో పెద్దాస్పత్రిలో ఆఫీసరని చెప్పండి. నర్సని అనొద్దు" అన్నారు. పిన్ని అక్కడే చిక్కుళ్లు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

మర్నాడు కాబోయే అత్తగారు సరిగ్గా నన్నే అడిగారు, "మీ పిన్నిగారు అక్కడ ఏం చేస్తారమ్మా?" అని.

"పెద్దాస్పత్రిలో ఆఫీసరండీ" అన్నాను.

గుమ్మంలో కాఫీల పళ్లెం పట్టుకుని పిన్ని నిలబడి ఉంది. విన్నది. నవ్వు మొహంతోనే అందరికీ కాఫీలిచ్చింది. తర్వాత కూడా ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

పెళ్లయింది, పిల్లలు పుట్టారు. అబద్ధం అలాగే ఉండిపోయింది. ఒకసారి ఆడిన అబద్ధం పాత ట్రంకు పెట్టె లాంటిది కదండీ. ఎక్కడ పెట్టామో తెలుసు, తెరవాలంటేనే బద్ధకం, భయం.

2020 మార్చి 22న మా వీధంతా సాయంత్రం అయిదింటికి కంచాలు మోగించింది. నేనూ మోగించాను. అది నర్సుల సంవత్సరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందే ప్రకటించిందట, ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏళ్లయిందని. కొన్నాళ్లకే మా వీధి చివర అద్దెకుంటున్న నర్సమ్మాయిని, కరోనా అంటిస్తుందని ఇంటాయన ఖాళీ చేయించాడు. ఆటోలో సామాను ఎక్కించుకుంటుంటే మా బాల్కనీలోంచి చూశాను. కిందకి దిగలేదు. ఆ రాత్రి పిన్ని ఫోను చేసి "ఎలా ఉన్నారే అందరూ?" అని అడిగితే, ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

2023 మేలో మా అమ్మాయి ఎమ్మెస్ పట్టా పండగకి ఒహాయో రాష్ట్రం వెళ్లాను. పిన్ని ఇల్లు అక్కడికి కారులో రెండు గంటలు. అప్పటికి ఆవిడకి క్యాన్సర్ ముదిరింది. బాబాయి ఎప్పుడో పోయారు, కొడుకు దగ్గర ఉంది. చారు పెట్టి మెత్తగా అన్నం కలిపి పెడితే నాలుగు చెంచాలు తింది. నా కళ్లలోకి చూసి, "మీ అత్తగారి కాళ్ల వాపులు ఎలా ఉన్నాయే?" అంది. ఎప్పుడో ఫోన్లో చెప్పి ఉంటాననుకున్నాను.

క్షమించమని అడుగుదామనుకున్నాను. రేపు చెబుదాం, ఇవాళ నీరసంగా ఉంది కదా అనుకున్నాను. అలా మూడు రోజులు అనుకున్నాను. నాలుగో రోజు తెల్లవారుజామున పిన్ని పోయింది.

అక్కడ మనలా ఇంటి ముందు పడుకోబెట్టరు. ఫ్యూనరల్ హోమ్ అని ఉంటుంది, అక్కడే అందరూ వచ్చి చూసి వెళతారు. తమ్ముడు గుడి పంతులుగారిని మాట్లాడాడు. ఇంతలో పిన్నితో పనిచేసిన కేరళ నర్సు ఒకావిడ వచ్చారు. "మేం నర్సులం వచ్చి ఆఖరి మర్యాద చేస్తాం, ఒప్పుకుంటారా?" అని అడిగారు. పేరు పిలుస్తారట, చివర దీపం ఆర్పుతారట.

తమ్ముడు నా మొహం చూశాడు. నేనే అడ్డం పడ్డాను. "దీపం ఆర్పడమేంటి, అపశకునం! మనం దీపం కొండెక్కిందని అంటాం గానీ ఆరిందని నోటితో కూడా అనం" అన్నాను. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ కోపగించుకోలేదు. నా పక్కనే కూర్చుని ఓపిగ్గా వివరించారు.

అమెరికాలో సైనికుడు పోతే సైనికులొచ్చి వందనం చేస్తారు. పోలీసుకీ, ఫైరింజను వాళ్లకీ అలాగే ఉంది. నర్సుకి మాత్రం ఏమీ ఉండేది కాదు. పురుడు పోసిన దగ్గర్నుంచి కళ్లు మూసేదాకా పక్కనుండే మనిషి తను పోయినప్పుడు మామూలుగా వెళ్లిపోయేది. 2003లో కాన్సాస్ రాష్ట్రంలో నర్సుల సంఘంవాళ్లు దీనికో పద్ధతి ఏర్పరిచి 'నైటింగేల్ ట్రిబ్యూట్' అని పేరు పెట్టారు. తర్వాత చాలా రాష్ట్రాల్లో నర్సులు ఊరూరా జట్లుగా కలిసి 'నర్స్ ఆనర్ గార్డ్' అని మొదలుపెట్టారు. పనిచేస్తున్నవాళ్లూ, రిటైరైనవాళ్లూ ఉంటారు. డబ్బు తీసుకోరు. రాత్రి డ్యూటీ చేసి, నిద్ర మానుకుని వచ్చేవాళ్లూ ఉంటారట. పోయినావిడ తమకి తెలిసి ఉండక్కర్లేదు, నర్సయితే చాలు.

ఆ దీపం నైటింగేల్ దీపానికి గుర్తు. 1854లో క్రిమియా యుద్ధం జరుగుతుంటే ఆవిడ టర్కీలోని స్కుటారి ఆస్పత్రికి వెళ్లి, రాత్రిళ్లు దీపం పట్టుకుని గాయపడ్డ సిపాయిల మంచాల మధ్య తిరిగేదట. బొమ్మల్లో అల్లావుద్దీన్ దీపంలా వేస్తారు గానీ, ఆవిడ చేతిలో ఉన్నది మడతలు పడే టర్కీ లాంతరు. "ఆమె డ్యూటీలో ఉన్నంతకాలం వెలిగిన దీపం అది. డ్యూటీ అయిపోయిందని చెప్పడానికే ఆర్పుతాం" అన్నారు కేరళ ఆవిడ. ఇంకేం అంటాను? సరేనన్నాను.

మర్నాడు ఎనిమిదిమంది వచ్చారు. అందరూ తెల్ల దుస్తులు, తెల్ల టోపీలు. ఆ టోపీలు ఆస్పత్రుల్లో ఇప్పుడెవరూ పెట్టుకోరు, ఇలాంటప్పుడే బయటికి తీస్తారట. భుజాల మీద బయట నీలం, లోపల ఎరుపు ఉన్న పైగుడ్డ. ఒకావిడకి డెబ్బై దాటి ఉంటాయి, మోకాళ్ల నొప్పితో నిలబడలేకపోతున్నారు, అయినా కుర్చీ ఇస్తే వద్దన్నారు. పిన్ని శరీరానికి తల దగ్గర ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు కాపలాగా నిలబడ్డారు.

బల్ల మీద చిన్న దీపం వెలిగించారు. ఒకావిడ ముందుకొచ్చి పిన్ని పేరు పిలిచారు. ఇంటిపేరుతో సహా, పూర్తి పేరు. ఇంగ్లీషు యాసలో పిలిచినా స్పష్టంగా ఉంది. వెంటనే ఒకరు చిన్న గంట మోగించారు. జవాబు కోసం ఆగారు.

రెండోసారి పిలిచారు. మళ్లీ గంట. మళ్లీ ఆగారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, దింపుడు కళ్లం. శ్మశానానికి కాస్త ఇవతల పాడె దింపి, ఏ మూలో ప్రాణం ఉందేమోనన్న ఆశతో చెవి దగ్గర పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారని నాన్న చెప్పేవారు. మాలో ఆడవాళ్లం శ్మశానం దాకా వెళ్లం, అందుకని నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడి ఒహాయో, ఎక్కడి తెనాలి! మనుషులు ఆఖర్న చేసేది ఒకటే, పేరు పెట్టి పిలవడం.

మూడోసారి పిలిచారు. గంట మోగింది. పిన్ని పలకలేదు. నీ పని నువ్వు పూర్తి చేశావు, ఇక సెలవు, మిగతాది మేం చూసుకుంటాం అనే అర్థం వచ్చేలా ఆవిడ నెమ్మదిగా చెప్పి దీపం ఆర్పారు. ఒక్కొక్కరే వచ్చి తెల్ల గులాబీ పెట్టి వెళ్లారు. దీపం తమ్ముడి చేతిలో పెట్టారు.

మా ఊళ్లో పిన్నిని ఎదురుగా 'అమెరికా ఆవిడ' అనేవారు, వెనక 'నర్సమ్మ' అని దీర్ఘం తీసేవారు. ముక్కూమొహం తెలియని ఎనిమిదిమంది ఆడవాళ్లు ఆవిడ పేరును పూర్తిగా, గౌరవంగా మూడుసార్లు పలికారు. సొంత మనిషిని నేను ఒక్కసారి కూడా అలా చెప్పుకోలేకపోయాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. తర్వాత పంతులుగారు మన పద్ధతిలో మంత్రాలు చదివారు. రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

ఇంటికి తిరిగొచ్చిన రెండో రోజు, అత్తయ్యగారికి కాళ్లకి నూనె రాస్తూ చెప్పేశాను. "అత్తయ్యగారూ, మా పిన్ని ఆఫీసరు కాదండీ. నర్సు. ఆ రోజు మీతో అబద్ధం చెప్పాను."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు ఆ రోజే తెలుసులేవే" అన్నారు.

పెళ్లిచూపుల నాడు వెళ్లబోయే ముందు పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే పిన్ని ఆవిడ కాళ్ల వాపు చూసిందట. ముందు కూర్చుని, వేలితో నొక్కి, గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసి, "వదినగారూ, రేపే బీపీ, సుగరూ చూపించుకోండి, ఆలస్యం చేయొద్దు" అందట. చూపిస్తే బీపీ చాలా ఎక్కువుందట. "ఏ ఆఫీసరు పరాయిదాని కాళ్ల దగ్గర కూర్చుంటుందే? మీ నాన్న పరువు ఎందుకు తీయాలని ఊరుకున్నాను. ఆవిణ్ణి చూశాకే ఈ సంబంధం ఖాయం చేసుకుందామన్నాను" అన్నారు అత్తయ్యగారు.

నూనె గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఏ సంగతి తెలిస్తే సంబంధం తప్పిపోతుందని దాచామో, ఆ సంగతే నా సంబంధం నిలబెట్టింది. ఇది పిన్నికి చెప్పే వీలు లేదు ఇక.

మనం ఆస్పత్రికి వెళితే డాక్టరు గారి పేరు, డిగ్రీలతో సహా గుర్తుపెట్టుకుంటాం. రాత్రంతా సెలైను మార్చి, బెడ్‌ప్యాను అందించి, జ్వరం చూసిన అమ్మాయి మనకి 'సిస్టరు' మాత్రమే. మా వారి ఆపరేషనుకి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఒక్క నర్సు పేరూ అడగలేదు నేను.

మొన్న అత్తయ్యగారిని పరీక్షలకి తీసుకెళ్లాను. రక్తం తీయడానికి వచ్చిన అమ్మాయిని "నీ పేరేంటమ్మా?" అని అడిగాను. గాభరాగా చూసి, "ఎందుకండీ, కంప్లయింటు ఇస్తారా?" అంది.

"లేదు తల్లీ, ఊరికే తెలుసుకుందామని" అన్నాను.

నవ్వి చెప్పింది. కాసేపయ్యాక మంచినీళ్లు కావాల్సొచ్చి పేరు పెట్టి పిలిచాను. వెంటనే పలికింది.