మబ్బుకి వల వేసిన ఊరు

వల వేస్తే చేపలు పడాలి. చిలీలోని చుంగుంగో ఊరికి నీళ్లు పడ్డాయి!

ఫోన్‌లో మ్యాప్ తెరిచి, లా సెరెనా నగరం నుంచి తీరం వెంబడి ఉత్తరానికి జరపండి. ఒకపక్క పసిఫిక్, ఇంకోపక్క బోడి కొండలు, మధ్యలో చిన్న జాలర్ల ఊరు. అదే చుంగుంగో. అటకామా ఎడారి దక్షిణపు అంచు కాబట్టి అక్కడ వానది చుట్టపుచూపే. కొండ మీది ఎల్ టోఫో ఇనుప గని మూతపడ్డాక ట్యాంకర్ నీళ్లే గతి. మనిషికి రోజుకి 14 లీటర్లు. మన ఒక్క బకెట్ స్నానానికే అంత అయిపోతుంది.

అదే కొండ మీదికి సముద్రం నుంచి దట్టంగా పొగమంచు వస్తుంది. దాని పేరు కమంచాకా. అందులోని తుంపరలు మరీ సన్నవి కావడంతో చినుకుల్లా రాలవు, గాలితోపాటే వెళ్లిపోతాయి. 1980ల్లో చిలీ, కెనడా పరిశోధకులు వాటికి అడ్డంగా వలలు కట్టారు. నర్సరీల్లో నీడ కోసం కట్టే ప్లాస్టిక్ నెట్ లాంటిదే, రెండు పొరలు. తుంపరలు దారాలకి అంటుకుని, ఒకదాంతో ఒకటి కలిసి, బరువెక్కి కింది గొట్టంలోకి జారతాయి. వలలున్నది 780 మీటర్ల ఎత్తులో కదా, నీళ్లు ఊళ్లోకి వాటంతటవే దిగుతాయి. మోటారూ లేదు, కరెంటు బిల్లూ లేదు.

1992లో కుళాయిలు తిరిగాయి. వలలు దాదాపు వందకి చేరాయి. ఒక్కోటి 48 చదరపు మీటర్లు, చదరపు మీటరుకి రోజుకి సుమారు 3 లీటర్లు. అంటే సగటున 15 వేల లీటర్లు. 330 మంది ఉన్న ఊళ్లో మనిషి వాడకం 33 లీటర్లకి పెరిగింది.

సగటుతో చిక్కేంటంటే, మంచి రోజున లక్ష లీటర్ల దాకా వస్తాయి, ఆకాశం తేటగా ఉంటే సున్నా. నీళ్లొచ్చాయని జనం తిరిగొచ్చారు. జనాభా దాదాపు రెట్టింపైంది, వలలు మాత్రం అన్నే. గాలికి చిరిగిన నెట్ ఎవరు కుట్టాలి? మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే గో-లైవ్ బ్రహ్మాండం, సపోర్ట్‌కి టీమ్ లేదు. పైగా ఊరివాళ్లకి పట్నంలో లాంటి పైపు నీళ్లు కావాలి. పదేళ్లు తిరిగేసరికి వలలు పోయాయి, మళ్లీ ట్యాంకర్ వచ్చింది. దీన్ని ఫెయిల్యూర్ అంటారు కొందరు. నేనొప్పుకోను. పదేళ్లు నీళ్లిచ్చిన నెట్‌ది తప్పేంటి?

అదే కోకింబో ప్రాంతంలో, ఇంకా దక్షిణాన, పెన్యా బ్లాంకా అనే పల్లె ఉంది. అక్కడి వలలు ఊరందరి దాహం తీర్చాలని పెట్టుకోలేదు. ఆ నీళ్లు కొండ మీది మొక్కలకీ, పశువులకీ. కొంచెం బీరు తయారీకి కూడా వెళ్తాయి. ఆ బీరు పేరు అట్రపనియెబ్లా. స్పానిష్‌లో పొగమంచుని పట్టేది అని అర్థం.