పెన్న మొదటి ఊళ్ళు

మా ఇల్లు నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఉంది. మేడ మీదికెక్కినా సముద్రం కనబడదు, కానీ రాత్రిపూట వినబడుతుంది. ముప్పైమూడేళ్ళు లెక్కల పంతులుగా పనిచేసి, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ఇక్కడ పది సెంట్ల స్థలం కొన్నాను. వేప, కానుగ, నాలుగు కొబ్బరిచెట్లు పెట్టాను. మా వరసలో తొమ్మిది ఇళ్ళుంటే ఏడింట్లో నాలాంటి పెన్షన్‌దారులే. అందరిళ్ళ ముందూ చెట్లే. తెల్లవారుజామున ఇసుకలో నడిచొస్తాం, మాత్రలు వేసుకుంటాం, పేపరు చదువుతాం. మొన్నటిదాకా పదకొండు దాటితే వీధిలో కాకి అరుపు తప్ప ఏమీ వినబడేది కాదు. కొన్నప్పుడు ఆ నిశ్శబ్దం కోసమే కొన్నాను. నా భార్య పోయిన తర్వాత అదే నిశ్శబ్దం నన్ను నిద్రపోనిచ్చేది కాదు.

"ఒరే, ఆ ఉప్పుగాలిలో ఒక్కడివే ఎన్నాళ్ళుంటావురా? ఇల్లు అమ్మేసి మా ఊరొచ్చెయ్. ఇక్కడ ఎండాకాలంలో కూడా రాత్రిపూట ఫ్యాను అక్కర్లేదు. అంతా మన మాటే మాట్లాడతారు" అని మా అక్క రెండేళ్ళుగా ఫోనులో చెబుతూనే ఉంది. అక్కా బావా ఉండేది చిక్కబళ్ళాపురంలో. అక్కడి తెలుగువాళ్ళు చిన్నబళ్ళాపురం అంటారు. బావ బెంగళూరులో ఉద్యోగం చేసి రిటైరయ్యాక అక్కడ స్థిరపడ్డాడు. చూసి నిర్ణయించుకుందామని పోయిన పుష్యమాసంలో బయల్దేరాను.

తిరుపతి మీదుగా మదనపల్లె చేరి, అక్కడ చింతామణి బస్సెక్కాను. సరిహద్దు దాటాక బోర్డుల మీద అక్షరాలు కన్నడంలోకి మారాయి. బస్సులో మాట మాత్రం మారలేదు. పక్కసీటు ఆమె ఒళ్ళో టమోటా నారు బుట్ట పెట్టుకొని, "యాడికి పోతా ఉండారు సామీ?" అని అడిగింది. చెప్పాను. "అక్క ఇంటికా? ఉత్తచేతుల్తో పోకండి, చింతామణిలో దిగి పూలు కొనుక్కోండి" అంది. ఊరు రాకముందే ఊరి పెద్దరికం ఎదురొచ్చినట్టనిపించింది.

చింతామణి పేరు మరాఠా సర్దారు చింతామణిరావు పేరు మీద వచ్చిందని చెబుతారు. ఇప్పుడది టమోటా పెట్టెలు, వేరుశనగ బస్తాల ఊరు. మార్కెట్ దగ్గర ఒక రావిచెట్టు కట్ట మీద ఏడెనిమిది మంది పెద్దవాళ్ళు కూర్చొని ఉన్నారు. ఒకాయన కన్నడ పేపరు గట్టిగా చదువుతున్నాడు. చదివింది కన్నడం, దాని మీద వాదన మొత్తం తెలుగు. నేను పక్కన కూర్చుని టీ తాగుతుంటే ఊరడిగారు. నెల్లూరు, సముద్రం దగ్గర అన్నాను. చివర కూర్చున్న రైతు, ఎనభై దగ్గర్లో ఉంటాడు, పేపరాయన్ని ఆపమని చెయ్యెత్తి నావైపు తిరిగాడు.

"రాత్రిపూట కూడా మోత ఉంటాదా?"

"ఉంటుంది."

"ఎప్పుడూ నిలబడదా?"

"నిలబడదు."

ఆయన సముద్రం చూడలేదట. కాసేపు ఆలోచించి, "అన్ని నీళ్ళుండి ఒక్క గుక్క తాగేదానికి లేకపాయె. మాకు పద్నాలుగు నూర్ల అడుగులు బోరేసినా తడి తగల్లే. ఇద్దరిదీ ఒకే కష్టం సామీ" అన్నాడు. ఆ మాట తర్వాత నాలుగు రోజులు నా వెంటే తిరిగింది. ఈ జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. బోర్లే ఆధారం, ఆ బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్ళలో ఫ్లోరైడ్. అయినా పెన్న, చిత్రావతి, పాపాఘ్ని పుట్టింది ఈ కొండల్లోనే. పాపాఘ్ని, చిత్రావతి కడప సీమలో పెన్నలో కలుస్తాయి. పెన్న 597 కిలోమీటర్లు నడిచి మా నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే నేను కొస నుంచి మొదటికి వచ్చాను.

చింతామణికి దగ్గర్లోనే కైవారం. యోగి నారేయణ యతీంద్రులు అంటే చాలామందికి తెలియదు, కైవారం తాతయ్య అంటే ఆ చుట్టుపక్కల పిల్లలకు కూడా తెలుసు. గాజులమ్ముకునే సంసారి, అన్నీ వదిలి యోగి అయ్యాడు. తెలుగులో, కన్నడంలో కీర్తనలు కట్టాడు, కాలజ్ఞానం చెప్పాడు. 1726లో పుట్టి 1836 దాకా, నూటపదేళ్ళు బతికాడని భక్తుల లెక్క. మఠంలో భజన జరుగుతుంటే తెలుగు పదం ముగిసి కన్నడ పదం మొదలవడం, పాడేవాళ్ళెవరికీ అది రెండు భాషలని తోచకపోవడం చూశాను. ఒక మహాయోగిని ఈ సీమ గురువనో స్వామి అనో పిలిచి ఊరుకోలేదు, తాతయ్యను చేసుకుంది. ముసలితనం మీద ఇక్కడివాళ్ళకున్న గౌరవం ఆ ఒక్క పిలుపులో ఉందని నేను నమ్ముతున్నాను.

సాయంత్రానికి అక్క ఇల్లు చేరాను. నేననుకున్నట్టు చెట్లమధ్య విడిగా ఉన్న ఇల్లు కాదు, బజారుకు నాలుగడుగుల దూరంలో పాత పెంకుటిల్లు. వీధి అరుగు మీద పెద్ద సత్తు గిన్నెలో నానబెట్టిన అనపగింజలు, చుట్టూ అక్క, పక్కింటి ముసలమ్మ, ఎదురింటి ఇద్దరు బడిపిల్లలు. చలికాలమంతా ఆ ఊళ్ళలో అనపకాయలే. అసలైన కాయకు సొన ఉండాలి, ముట్టుకుంటే వేళ్ళు జిగటగా ఒక పచ్చి వాసన పట్టుకుంటాయి. గింజ నానిన తర్వాత బొటనవేలితో చూపుడువేలితో మెల్లగా నొక్కితే తోలు వేళ్ళ మధ్య మిగిలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. ఎక్కువ నొక్కితే చితుకుతుంది, తక్కువ నొక్కితే జారిపోతుంది. ఆరేళ్ళ పిల్ల నాకు నేర్పింది: "అట్ల కాదు తాతా, కొనకాడ పట్టుకో." గంటన్నర పితికాం. ఆ గంటన్నరలో ఆ వీధిలో ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో, ఎవరి ఆవు ఈనిందో, ఎవరికి షుగరు తగ్గిందో అన్నీ తెలిశాయి. రాత్రి రాగిముద్ద, పితికిపప్పు పులుసు. నా భార్య పోయాక అంత కడుపునిండా తిన్న రాత్రి అదే.

పడుకునే ముందు బావ అసలు సంగతి చెప్పాడు. వాళ్ళు మొదట ఈ ఇంట్లోకి రాలేదు. ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో, కొండ కనబడే చోట, రిటైరైనవాళ్ళకోసమే అంటూ వేసిన ఒక లేఔట్‌లో సైటు కొని ఇల్లు కట్టారు. ప్రహరీగోడ, గేటు, నడిచేదానికి బాట, బాటకిరుపక్కలా చెట్లు. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్ళికి వచ్చాక, హైవే వెంట ఇలాంటివి ఎన్నో లేచాయి. రెండేళ్ళు బాగుంది. మూడో వేసవికి రెండు బోర్లూ ఎండిపోయాయి. ట్యాంకరు రెండు రోజులకొకసారి వచ్చేది, తర్వాత వారానికొకసారి.

"నీళ్ళు లేనిదానికి కాదు బామ్మర్దీ మేం వచ్చేసింది" అన్నాడు బావ. "ట్యాంకరు రాని రోజు రెండు బిందెలు మోసేదానికి వయసులో ఉన్నవాడు ఆ గోడ లోపల ఒక్కడు లేడు. ఇరవై రెండిళ్ళు, అన్నీ మా వయసే. నేను జారిపడితే లేపబోయినాయన కూడా పడ్డాడు. ఒక్కొక్కరే తాళాలేసి పిల్లల దగ్గరికి పోయారు."

మరునాడు బావ కందవార చెరువు చూపించాడు. ఊరి అంచునే, నిండుగా, నీటికోళ్ళతో. వాన నీళ్ళు కావు. హెబ్బాళ-నాగవార లోయ పథకం కింద బెంగళూరు మురుగునీటిని రెండంచెల్లో శుద్ధిచేసి ఈ జిల్లా చెరువుల్లోకి ఎత్తిపోస్తున్నారు. మూడో అంచె శుద్ధి కూడా కావాలని రైతులు అడుగుతూనే ఉన్నారు. ఆ కోరిక న్యాయమైనదని నా అభిప్రాయం. నగరం వాడుకున్న నీళ్ళను పల్లెకు పంపేటప్పుడు పూర్తిగా కడిగి పంపాలి. గట్టు మీద నడుస్తుంటే గాలి మా మైపాడు గాలి లాగే ముఖానికి తగిలింది, ఉప్పు మాత్రం లేదు.

అక్కడి నుంచి ముద్దేనహళ్ళి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. వాళ్ళ పూర్వీకులది గిద్దలూరు దగ్గరి మోక్షగుండం, ఇంట్లో మాట తెలుగు. ఆ ఇంటిని మ్యూజియం చేశారు, పక్కనే సమాధి. నేను లెక్కల పంతుల్ని కాబట్టి సంవత్సరాలు కూడుకుంటూ నిలబడ్డాను. బొంబాయి ప్రభుత్వ కొలువు తానే వదులుకున్నప్పటికి ఆయనకు యాభై నిండలేదు. మూసీ 1908లో హైదరాబాదును ముంచాక నిజాం పిలిపించింది ఆ తర్వాతే. మైసూరు చీఫ్ ఇంజనీరయింది, కృష్ణరాజసాగరం పని మొదలైంది, 1912 నుంచి 1918 దాకా దివానుగా ఉన్నది, అన్నీ మొదటి రిటైర్మెంట్ తర్వాతే. భారత ఆర్థిక ప్రణాళిక మీద పుస్తకం అచ్చయింది 1934లో, డెబ్బై దాటాక. 1962లో పోయినప్పటికి వయసు నూరు దాటింది. అంతటివాళ్ళం మనం కాలేం. కానీ పెన్షన్ కాగితం చేతికొచ్చిన రోజే మనపని అయిపోయిందనుకోవడం తప్పని ఆ ఇంటి గడపలో నాకు గట్టిగా తోచింది.

నంది గ్రామంలో భోగనందీశ్వరుడి గుడి తొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. పైన 1478 మీటర్ల కొండ మీదికి బెంగళూరు యువకులు తెల్లవారకముందే బళ్ళేసుకుని పోతారు. మేం కిందనే, శృంగతీర్థం మెట్ల మీద కూర్చున్నాం. నంది తన కొమ్ముతో నేలను పొడిస్తే ఉబికిన నీళ్ళని స్థలపురాణం. దక్షిణ పినాకిని పుట్టుకను అక్కడ చెబుతారు. మన పెన్న, ఉత్తర పినాకిని, ఆ వరసలోనే చెన్నకేశవ కొండల్లో పుడుతుంది. దోసిట్లోకి నీళ్ళు తీసుకున్నాను. మా ఊటుకూరు మొగలో పెన్న ఎంతో వెడల్పున కనిపిస్తుంది.

చివరి రోజు బాగేపల్లి. హైదరాబాదు హైవే మీద, ఆంధ్రకు ఆనుకుని ఉన్న ఊరు. 2025 జులైలో నంది కొండ మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశంలో ఈ ఊరి పేరు భాగ్యనగర అని మార్చాలని తీర్మానించారు. బావ స్నేహితుడు, రిటైరైన కన్నడ మాస్టారు, మమ్మల్ని చిత్రావతి దాకా తీసుకుపోయాడు. ఇసుక, కంపచెట్లు, అక్కడక్కడా మడుగు. "పేరు ఏదైనా కానీ సార్, మాట ఉంటే చాలు, నీళ్ళు వస్తే చాలు" అన్నాడాయన, తెలుగులో. ఆయన సాయంత్రాలు తన వరండాలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు కన్నడ వాచకం చెబుతాడు. ఆ రోజు ఎనిమిది మంది వచ్చారు. నాచేత వాళ్ళకు భిన్నాలు చెప్పించాడు. బెల్లం అచ్చు ముక్కలు చేసి చెప్పాను, తర్వాత అందరం తిన్నాం.

అక్క నన్ను బస్సెక్కిస్తూ, "ఏం తేల్చావురా?" అంది. ఇల్లు అమ్మనని చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకుంది. నేను చూసింది చెప్పాను: "నీ వీధి బాగుండేది చల్లగా ఉన్నందుకు కాదక్కా, ఆ ఆరేళ్ళ పిల్ల ఎదురింట్లో ఉన్నందుకు. అది మా వీధిలో లేదు. తెచ్చుకుంటాను." వేసవిలో రెండు నెలలు వాళ్ళ దగ్గర, చలికాలం వాళ్ళిద్దరూ సముద్రం దగ్గర, అని ఒప్పందం చేసుకున్నాం.

సంక్రాంతి దాటాక నా ముందుగదులు రెండూ ఒక టీచరమ్మకు తక్కువ అద్దెకిచ్చాను. భర్త రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాడు, ఇద్దరు పిల్లలు. సాయంత్రం మా అరుగు మీద ఇప్పుడు లెక్కలు జరుగుతున్నాయి, ఎదురింటి తాసిల్దారుగారు ఇంగ్లీషు చెప్పేదానికి వస్తున్నారు. పదకొండు దాటినా వీధి నిద్రపోవడం లేదు, ఆదివారాల్లోనైతే మరీనూ. మా వరసలో ఇంకా నాలుగిళ్ళ ముందుగదులు ఖాళీగా ఉన్నాయి. ఇందుకూరుపేట, మైపాడు బడులకు బదిలీ మీద వచ్చే పంతుళ్ళెవరైనా, పిల్లలున్నవాళ్ళు, ఇళ్ళు వెతుక్కుంటూ ఉంటే మా వీధికి వచ్చి అడగండి.