అశ్వత్థామా, చిక్కుడుకాయలూ

పోయిన శీతాకాలం రెండు నెలలపాటు మా పెరటి వరండాలో అశ్వత్థామ కాపురమున్నాడు. నవ్వకండి. పొద్దున్న ఆరింటికల్లా మఫ్లరు చుట్టుకుని వచ్చి, గేటు గొళ్లెం చప్పుడు కాకుండా తీసి, "మేడమ్, లేచారా?" అనేవాడు. నేను లేచినా లేవకపోయినా మా పక్కింటావిడ మాత్రం లేచి కూర్చునేది. మరో ఐదు నిమిషాల్లో వాడు మా నాన్నని మోసం చేసి చంపారంటూ హిందీలో గొంతు చించుకునేవాడు మరి.

మా వీధి మొదట్లో టైలరుగారు లేరూ, ఆయన రెండో అబ్బాయి. డిగ్రీ అయింది. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకి దరఖాస్తు పెడతానని వచ్చాడు. నేనా, 32 ఏళ్లు హిందీ పండిట్‌గా చేసి రిటైరైనదాన్ని. పైగా ఒకప్పుడు పరిషత్తు నాటకాల్లో వేషాలు కట్టినదాన్ని. తెనాల్లో ఈ రెండూ ఒకే గుమ్మంలో దొరకడం తన అదృష్టమనుకున్నాడు వాడు. నా భయాలు నాకున్నాయి. అవి తర్వాత చెబుతాను.

ముందు వాళ్ల నాన్నగారి సంగతి. "సినిమాల్లోకాండీ?" అన్నారాయన, నోట్లో గుండుసూదులు పెట్టుకునే. కాదండీ, నాటకాల బడి, 1959లో సంగీత నాటక అకాడమీ వాళ్లు పెట్టింది, మూడేళ్ల కోర్సు, దేశం మొత్తానికి కలిపి 30 చిల్లర సీట్లు, చేరినవాళ్లకి నెలనెలా స్టైపెండు కూడా ఇస్తారు అని చెప్పుకొచ్చాను. అల్కాజీ గారి పేరు చెప్పాను, నసీరుద్దీన్ షా పేరు చెప్పాను, ఇర్ఫాన్ ఖాన్ పేరు చెప్పాను. ఇన్ని మాటల్లో ఆయన చెవికెక్కింది స్టైపెండు ఒక్కటే. గుండుసూదులు తీసి పక్కన పెట్టారు.

దరఖాస్తులో మాకు తగిలిన మొదటి మెలిక, ఆరు నాటకాల్లో పనిచేసి ఉండాలన్న షరతు. అమెరికాలో ఉన్న మా చెల్లెలి మనవరాలికి ఇలాంటి బాధ లేదు. అక్కడ పన్నెండో తరగతిలో ఉండగానే పదిహేడేళ్ల పిల్లలు నటన డిగ్రీకి ఆడిషన్లిస్తారు. ముందు వీడియో తీసి పంపాలి, అది నచ్చితే జనవరి ఫిబ్రవరిల్లో పిలుస్తారు. న్యూయార్కులోనో చికాగోలోనో ఒకే హోటల్లో పది పదిహేను కాలేజీల వాళ్లు గదులు తీసుకుని కూర్చుంటే, ఈ పిల్ల మంచు బూట్లు విప్పి, మామూలు బూట్లు తొడుక్కుని, ఒక గది నుంచి ఇంకో గదికి పరుగు. ఒక్కో చోట నిమిషమో, రెండు నిమిషాలో. ఒక పాత నాటకం ముక్క, ఒక కొత్త నాటకం ముక్క. అయిపోయింది, నెక్స్ట్. మనకి ఢిల్లీ బడికైతే ముందు డిగ్రీ ఉండాలి, నాటకాలు ఆడి ఉండాలి, ముప్పై దాటకూడదు. ఏది నయమంటే, మన పద్ధతే నయమంటాను. పదిహేడేళ్లకి నేను నటినవుతానని చెప్పడానికి ఎంత తెలిసుంటుంది చెప్పండి?

సరే, లెక్కపెట్టాం. కాలేజీలో రెండు, పరిషత్తు నాటికలు రెండు, మద్యం మానమని బస్టాండులో వేసిన వీధి నాటకం ఒకటి. ఐదు. ఆరోది "పద్యనాటకంలో కౌరవసభలో బల్లెం పట్టుకుని నిలబడ్డాను మేడమ్, అది వస్తుందా?" అన్నాడు. రెండు గంటలు కదలకుండా నిలబడ్డం కూడా నటనేగా, వేసెయ్యమన్నాను. పాంప్లెట్ దొరికింది. దాంట్లో వీడి పేరు కింద నుంచి రెండోది, మేకప్‌మాన్‌కి పైన.

ఇక ఏ ముక్క చెప్పాలన్నది. మన పిల్లలకి ఏకపాత్రాభినయం అనగానే మయసభ. 'దానవీరశూరకర్ణ' వచ్చింది 1977లో. ఈ కుర్రాడు పుట్టడానికి పాతికేళ్ల ముందు. అయినా ఆ దుర్యోధనుడి మాటలు ఒక్క అక్షరం తప్పకుండా, ఆ నవ్వుతో సహా, ఆ కనుబొమ్మ లేపడంతో సహా అప్పజెప్పాడు. బాగుందా అంటే బాగుంది. కానీ నాకు కనిపించింది రామారావు గారే. టైలరుగారబ్బాయి ఎక్కడా లేడు. ఎదురుగా కూర్చున్న పెద్దమనుషులకి రామారావు గారిని చేర్చుకునే ఉద్దేశం ఉండదు కదా! పేరున్న సినిమా డైలాగులు, తాగుబోతు వేషాలు, పిచ్చివాడి నవ్వులు ఆడిషన్‌కి పట్టుకెళ్లకపోవడమే మంచిది. తెలుగులో చెప్పే చోటికైతే 'కన్యాశుల్కం' ఉండనే ఉంది. అయితే అందులోనూ అందరూ గిరీశం మీదే పడతారు. అమ్మాయిలైతే మధురవాణి. వెంకమ్మని ఎవరూ ముట్టుకోరు. కూతుర్ని ముసలాడికి కట్టబెడుతున్న మొగుడి ముందు ఆ తల్లి మాట్లాడే నాలుగు ముక్కల్లో ఎంత పనుందో! నా మాట విని ఒకసారి తీసి చూడండి.

మనవాడికి నేను ధర్మవీర్ భారతి 'అంధాయుగ్' ఇచ్చాను. కురుక్షేత్రం చివరి రోజుతో మొదలయ్యే నాటకం అది. అందులో అశ్వత్థామ తన విల్లు తనే విరిచేసుకుని, ధర్మరాజు చెప్పిన సగం నిజం తనని ఏం చేసిందో చెప్పుకుంటాడు. భారతం వీడికి నేను చెప్పాలా? బల్లెం పట్టుకుని విన్న పద్యాలన్నీ నోటికొచ్చు. కథ సొంతం, భాష పరాయిది. సరిపోతుందనుకున్నాను.

ఆ భాష దగ్గరే వచ్చింది అసలు తంటా. మన తెలుగు నోటికి మాట చివర అచ్చు ఉంటే గానీ ఊపిరాడదు. 'ధనుష్' అని ఆపమంటే 'ధనుషు' అంటాడు. 'మైఁ' అన్నప్పుడు ముక్కులోంచి పోవాల్సిన గాలి పోదు. 'లడ్‌కా' అన్నచోట నాలుక మడిచి వెనక్కి కొట్టాలి, కొట్టడు. ధనుస్సు మగదా ఆడదా అన్న లింగ వివాదం సరేసరి. నేను ప్రాథమిక నుంచి ప్రవీణ దాకా హిందీ ప్రచార సభ పరీక్షలన్నీ కట్టినదాన్ని, వందలమంది చేత కట్టించినదాన్ని. నాకు తప్పు వినబడితే చెయ్యి ఊరుకోదు. పొద్దున్నే ముక్కు పట్టుకుని 'మైఁ, మైఁ' అనిపించేదాన్ని. మేకపిల్లని తెచ్చారా అని పక్కింటావిడ గోడ మీంచి అడిగింది.

ఇప్పుడు నా భయం గురించి చెబుతాను. పదేళ్ల కిందట ఇంకో కుర్రాణ్ణి ఇలాగే తయారుచేశాను. ఏ బడికని అడక్కండి. మూడు నెలలు సానబట్టాను. ఏ మాట దగ్గర ఊపిరి తియ్యాలి, ఏ మాట దగ్గర కుడికాలు ముందుకెయ్యాలి, ఎక్కడ కళ్లు చెమర్చాలి, అన్నీ నేనే. అద్దంలా వచ్చింది. లోపలికెళ్లి ఒక్క తప్పు లేకుండా చెప్పాడట. విన్న పెద్దాయన "చాలా బావుంది, ఇప్పుడు ఇదే ముక్క పక్కన పసిపిల్లాడు నిద్రపోతున్నాడనుకుని చెప్పు" అన్నాడట. వీడు మొదటి మాట నుంచి మళ్లీ అదే గొంతుతో, అదే కుడికాలుతో చెప్పాడు. "పిల్లాడు లేస్తాడు" అన్నాడాయన. మూడోసారీ అంతే. బయటికొచ్చి నాకు ఫోను చేసి, "తప్పు ఎక్కడ పోయింది మేడమ్?" అని అడిగాడు. తప్పు నాది. పరిషత్తులో ఉత్తమ నటి బహుమతి తెచ్చిపెట్టిన పద్ధతే వాడికీ నేర్పాను. పోటీ నాటకంలో రాత్రికో ప్రదర్శన, మైకు కింద నిలబడి ముందు వరుస జడ్జీలకి చేరేలా కొట్టాలి. అక్కడ పక్కాగా ఉండాలి. ఆడిషన్లో చూసేది వేరు. ఈ మట్టి ఇంకా తడిగా ఉందా, నొక్కితే ఒంగుతుందా అని చూస్తారు. నేను కాల్చిన కుండ పంపించాను.

అందుకని టైలరుగారబ్బాయికి ముక్కు పాఠం అయ్యాక చిక్కుడుకాయల పళ్లెం చేతికిచ్చేదాన్ని. ఈనె తీస్తూ చెప్పమనేదాన్ని. మొదటి రోజు కాయలన్నీ నలిపి పెట్టాడు. వారం గడిచేసరికి చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే మాట మామూలుగా రావడం మొదలైంది. ఒకరోజు ఆ సగం నిజం మాట దగ్గరికొచ్చేసరికి వాడి వేళ్లు వాటంతటవే ఆగిపోయాయి. కాయ సగం ఒలిచి ఉంది, ఈనె వేలాడుతోంది. వాడు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. గొంతు పెంచలేదు. నేను పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయాను, పొంగిపోయాయి. మర్నాడు మళ్లీ అలాగే ఆపబోయాడు. ఆపకు, నిన్న ఆగింది, ఇవాళ ఆగనక్కర్లేదు అన్నాను. వాడికి కోపం వచ్చింది. ఆ కోపంతో చెప్పింది ఇంకోలా ఉంది.

మధ్యలో వాడికీ నాకూ ఒక పెద్ద తగువు, ఎక్కడెక్కడ దరఖాస్తు పెట్టాలని. వాడి దగ్గరున్న జాబితా అంతా ఎవరు ఎక్కడ చదివారన్నదే. చిరంజీవి, రజనీకాంత్ మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, షబానా ఆజ్మీ పూనా, ఇలాగ. హీరో చదివిన బెంచీ మీద కూర్చుంటే హీరో అవుతామా? పూనా ఇన్‌స్టిట్యూట్ 1960లో ప్రభాత్ స్టూడియో ఆవరణలో పెట్టారు. అక్కడ నేర్పేది కెమెరా ముందు నటన, రెండేళ్లు. ఢిల్లీ బడి రంగస్థలానిది, మూడేళ్లు. వేషం కట్టడమే కాదు, దీపాలూ, దుస్తులూ, రంగాలంకరణా కూడా చెయ్యాలి. కుట్టుపని తెలిసిన పిల్లాడికి అది కలిసొచ్చే చోటు కదా అని నా ఆశ. నసీరుద్దీన్ షా ఢిల్లీలో చదివి మళ్లీ పూనా వెళ్లి చదివాడంటే, రెండూ ఒకటి కాదనేగా!

నేను అడిగిన ప్రశ్న ఇంకోటి. "ఒరే, నీకు ఏ భాషలో ఏడుపొస్తుంది?" అన్నాను. మూడేళ్లు హిందీలో కలగంటూ, హిందీలో పోట్లాడుతూ, హిందీలో వేషాలు వేసి, తర్వాత ఎక్కడుంటావు? ముంబయిలోనా, తెనాల్లోనా? తెలుగులోనే చెయ్యాలనుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్లో రంగస్థల కళల్లో రెండేళ్ల మాస్టర్స్ ఉంది. తెలుగు విశ్వవిద్యాలయంలో ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. అవి ఢిల్లీ దొరకనప్పటి సంగతి అన్నట్టు మొహం పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. కడప జిల్లా సురభిలో 1885లో కీచకవధ ఆడి మొదలైన సురభి కుటుంబాల దగ్గరికి, ఢిల్లీ స్కూలుకి డైరెక్టరుగా చేసిన కారంత్ గారే స్వయంగా వచ్చి వాళ్లతో నాటకాలు చేయించారు. అక్కడివాళ్లు ఇక్కడికొచ్చి పనిచేస్తే గొప్ప, మనం ఇక్కడ చదివితే చిన్నతనమా?

ఇక పేపర్లో సగం పేజీ ప్రకటనలేసి, ఏడాదికి లక్షలు అడిగే బళ్లున్నాయి. అన్నీ చెడ్డవని నేననను. కానీ డబ్బు కట్టే ముందు ఒకరోజు వెళ్లి వరండాలో కూర్చోండి. పిల్లలు పొద్దున్న ఎన్నింటికి వస్తున్నారు, పాఠం చెప్పేవాళ్లు పేర్లు బోర్డు మీద ఉన్నవాళ్లేనా, ఏడాదికి ఎన్ని నాటకాలు వేశారు, కిందటేడు బయటికెళ్లినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు, ఇవి క్యాంటీన్లో టీ తాగుతూ అడిగితే తెలుస్తాయి. ఆఫీసులో అడిగితే ఆల్బం చూపిస్తారు.

రాకపోతే ఏమిటని వాడు ఒకటే బెంగ. 'సత్య'లో భికూ మాత్రే వేసిన మనోజ్ బాజ్‌పాయ్, మన 'వేదం'లో కూడా చేశాడుగా, ఆయన్ని ఆ ఢిల్లీ బడి ఒకసారి కాదు, పదేపదే వద్దంది. పంకజ్ త్రిపాఠీకి రెండుసార్లు తప్పి మూడోసారి వచ్చింది. ఇవన్నీ చెప్పాను. "వాళ్లు బీహారు వాళ్లు మేడమ్, వాళ్లకి ముక్కు సమస్య లేదు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మొదటి ఆడిషన్ అయింది. అందులో నెగ్గితే ఢిల్లీ పిలిపించి, నాలుగైదు రోజులు వర్క్‌షాపులా పెట్టి చూస్తారు. కబురు ఇంకా రాలేదు. వెళ్లొచ్చిన సాయంత్రం తండ్రీ కొడుకులిద్దరూ మా ఇంటికొచ్చారు. నేను ఊపిరి బిగబట్టి, "అశ్వత్థామ ఎలా వచ్చాడురా?" అని అడిగాను.

"నాలుగు లైన్లు చెప్పాక చాలన్నారు మేడమ్."

రెండు నెలల ముక్కు కసరత్తు నా కళ్లముందు గిర్రున తిరిగింది. తర్వాత ఏమడిగారన్నాను. మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగారట. టైలరు అన్నాడట. అయితే బట్ట కత్తిరించి చూపించు అన్నారట, చేతిలో ఏమీ లేకుండా. పది నిమిషాలు నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, టేపు మెళ్లో వేసుకుని, సుద్దతో గీసి, కత్తిరించాడట. ఒకరు మధ్యలో "గుడ్డ తక్కువొచ్చింది" అన్నారట. వీడు ఆగి, మళ్లీ కొలిచి, చేతుల దగ్గర సర్దాడట.

వాళ్ల నాన్నగారు అంతవరకూ మాట్లాడలేదు. మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి, కొడుకు వైపు తిరిగారు.

"కుట్టుకి అరంగుళం వదిలావా?"